ఎక్సెల్ లేకుండా ఎక్సెల్ ఫైలు

పింఛనుదారుల జాబితా, హాస్టల్ మెస్ లెక్క, విద్యార్థుల మార్కులు, అపార్ట్‌మెంట్ నిర్వహణ ఖర్చులు, ధాన్యం కొనుగోళ్ల వివరాలు ఇవాళ చాలావరకు ఎక్సెల్ ఫైళ్లుగానే చేతులు మారుతున్నాయి. అందుకున్న ప్రతివారి దగ్గరా ఎక్సెల్ ఉండదు. చాలామందికి ఉన్నది ఫోను ఒక్కటే. కంప్యూటర్ ఉన్నా, ఏటా చందా కట్టి ఆఫీస్ ప్యాకేజీ వాడే స్తోమతో అవసరమో అందరికీ ఉండదు. ఫైలును తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కొనకుండానే దాన్ని చదవడం, సరిదిద్దడం, తిరిగి పంపడం ఎంతవరకు కుదురుతాయో, ఎక్కడ తేడా కొడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

స్ప్రెడ్‌షీట్ ఫైలు తెరవడంలో మూడు దశలున్నాయి. మొదటిది అందులోని అక్షరాలు, అంకెలు కంటికి కనబడటం. రెండోది ఒక గడిలో అంకె మారిస్తే మిగతా ఫార్ములాలు దానికి తగ్గట్టు మళ్లీ లెక్కకట్టడం. మూడోది మనం మార్చి పంపిన ఫైలు అవతలివారి ఎక్సెల్‌లో ఎప్పటిలాగే పనిచేయడం. మొదటి దశ ఇప్పుడు దాదాపు ఎప్పుడూ సాధ్యమే. రెండోది చాలావరకు సాధ్యం. మూడోదానికే జాగ్రత్త కావాలి. ఎక్సెల్ లేకపోతే పని జరగదని భయపడేవారూ, ఏ యాప్‌లో తెరిచినా ఒకటేనని ధీమాగా ఉండేవారూ ఈ మూడింటినీ కలిపేసి చూస్తుంటారు.

ఫైలు లోపల ఏముంది

2007 నుంచి ఎక్సెల్ మామూలుగా రాస్తున్నది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు. అది నిజానికి ఒక జిప్ ఫైలు. దానికి ఒక నకలు తీసి, పేరు చివర ఉన్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ను జిప్ అని మార్చి తెరిస్తే లోపల కొన్ని ఫోల్డర్లు కనబడతాయి. ‘ఎక్స్‌ఎల్’ అనే ఫోల్డర్లో వర్క్‌బుక్ వివరాల ఫైలు, రంగులూ ఫాంట్లూ తేదీల తీరూ రాసిన స్టైల్స్ ఫైలు, ‘షేర్డ్‌స్ట్రింగ్స్’ అనే మరో ఫైలు ఉంటాయి. ‘వర్క్‌షీట్స్’ అనే లోపలి ఫోల్డర్లో ఒక్కో షీటుకు ఒక్కో ఫైలు ఉంటుంది. ఇవన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు, అంటే నోట్‌ప్యాడ్‌లోనైనా చదవగలిగే మామూలు పాఠం. ఒక జాబితాలో ‘గుంటూరు’ అన్న పేరు వెయ్యి గడుల్లో ఉందనుకుందాం. షేర్డ్‌స్ట్రింగ్స్‌లో అది ఒక్కసారే ఉంటుంది. షీటులోని వెయ్యి గడుల్లోనూ ఆ పేరుకు ఇచ్చిన వరుస సంఖ్య మాత్రమే ఉంటుంది.

ఎక్సెల్ లేనివారికి అన్నిటికంటే అక్కరకొచ్చే ఏర్పాటు ఫార్ములా గడిలో ఉంది. అక్కడ ఫార్ములా పాఠమూ, ఎక్సెల్ చివరిసారి లెక్కకట్టిన జవాబూ పక్కపక్కనే రాసి ఉంటాయి. లెక్క చేయడం బొత్తిగా రాని ప్రివ్యూ యాప్ కూడా ఆ జవాబును చదివి చూపించేస్తుంది. ఫోనులో ఫైలును తాకగానే మొత్తాలతో సహా పట్టిక కనబడేది ఇందువల్లే. బిల్లింగ్ ప్రోగ్రాములో వెబ్‌సైట్లో తమంతట తాము తయారుచేసే ఫైళ్లు కొన్ని ఫార్ములాను మాత్రం రాసి జవాబు రాయవు. అలాంటి ఫైలు ప్రివ్యూలో మొత్తాల గడులు ఖాళీగానో సున్నాగానో కనబడతాయి. ఫైలు పాడైందని అవతలివారికి ఫోన్ చేయాల్సిన పనిలేదు. లెక్కకట్టగల ప్రోగ్రాములో తెరిస్తే అంకెలు వచ్చేస్తాయి.

తేదీలు కూడా లోపల తేదీల్లా ఉండవు. 2014 జూన్ 2 ఫైలులో 41792 అనే అంకెగా ఉంటుంది. దాన్ని తేదీగా చూపించమనే ఆదేశం స్టైల్స్ ఫైలులో వేరుగా ఉంటుంది. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ అంకె వస్తుంది, కాకపోతే అందులో ఒక రోజు ఎక్కువ. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగా లెక్కవేసింది. లోటస్ ఫైళ్లు తన దగ్గర సరిగా తెరుచుకోవాలని ఎక్సెల్ ఆ తప్పును తెలిసే కొనసాగించింది. ఇప్పటికీ ఎక్సెల్‌లో 60 అని రాసి తేదీగా మారిస్తే, ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 వస్తుంది. ఎక్సెల్ బదులు వాడే లిబ్రేఆఫీస్, గూగుల్ షీట్స్ అనే ప్రోగ్రాములు తమ లెక్కను 1899 డిసెంబర్ 30 నుంచి మొదలుపెట్టి, 1900 మార్చి తర్వాతి తేదీలన్నీ ఎక్సెల్‌తో సరిపోయేలా చూసుకున్నాయి. ఇతరుల ఫైలు తెరవాలన్న పట్టుదల ఒక తప్పును కూడా నాలుగు దశాబ్దాలు బతికించిందంటే, ఈ రంగంలో పొంతనకు ఉన్న విలువ అర్థమవుతుంది.

మ్యాకింటాష్ కోసం వచ్చిన పాత ఎక్సెల్‌లు మాత్రం 1904 నుంచి రోజులు లెక్కపెట్టేవి. ఆ సంగతి వర్క్‌బుక్ ఫైలులో ఒక చిన్న గుర్తుగా ఉంటుంది. తెరిచే ప్రోగ్రాము ఆ గుర్తును చూసుకోకపోతే ప్రతి తేదీ నాలుగేళ్ల ఒక రోజు పక్కకు జరుగుతుంది.

పాత ఫైళ్ల చరిత్ర

డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం తెచ్చిన విజికాల్క్‌తో వ్యక్తిగత కంప్యూటర్లలో స్ప్రెడ్‌షీట్ మొదలైంది. దాని సమాచారాన్ని ఇతర ప్రోగ్రాములకు అందించడానికి డీఐఎఫ్ అనే తేలికైన పాఠ రూపాన్ని అప్పుడే తయారుచేశారు. మైక్రోసాఫ్ట్ మల్టీప్లాన్ కోసం వచ్చిన సిల్క్ రూపం కూడా అలాంటిదే. వీటి తర్వాత 1983లో లోటస్ 1-2-3 వచ్చి మార్కెట్‌ను ఏలింది. 1985లో మ్యాకింటాష్‌కూ 1987లో విండోస్‌కూ ఎక్సెల్ వచ్చింది.

ఎక్సెల్ తన ఫైళ్లను రాసిన పాత పద్ధతి పేరు బిఫ్. అది మనుషులు చదవగలిగే పాఠం కాదు, యంత్రానికే అర్థమయ్యే బైట్ల వరుస. ఎక్సెల్ 97తో వచ్చిన బిఫ్ 8 రూపమే ఇప్పటికీ పాత కంప్యూటర్లలో పడి ఉన్న ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలో ఎక్కువగా కనబడుతుంది. దీని లోపలి వివరాలు చాలాకాలం అందరికీ అందుబాటులో లేవు. బయటి ప్రోగ్రామర్లు ఫైలులో ఒక్కో గడి మార్చి, ఏ బైటు మారిందో చూసి, అర్థాన్ని రాబట్టేవారు. ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీస్ ప్యాకేజీ కోసం డేనియల్ రెంట్జ్ కూర్చిన ఎక్సెల్ ఫైలు రూపపు వివరణ పత్రం ఈ శ్రమకు పెద్ద ఆధారం. దాన్ని చదివి ఎన్నో ఇతర ప్రోగ్రాములు ఎక్స్‌ఎల్‌ఎస్ తెరవడం నేర్చుకున్నాయి. 2008 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ తన పాత బైనరీ రూపాల వివరాలను ఎవరైనా తీసుకునేలా ప్రచురించింది.

ఇలా విప్పి చూడటం చట్టరీత్యా తప్పా అని అడిగేవారుంటారు. భారత కాపీరైట్ చట్టంలో 1999 సవరణతో చేరిన 52(1)(ఏబీ) నిబంధన ప్రకారం, స్వతంత్రంగా తయారుచేసిన ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం తేలిగ్గా దొరకనప్పుడు, చట్టబద్ధంగా ప్రోగ్రాము పొందినవారు దాన్ని రాబట్టుకోవడం ఉల్లంఘన కాదు. పట్టికలో ఉన్న సమాచారం దాన్ని రాసుకున్నవారిది. దాన్ని చదివే దారి ఒక్క కంపెనీ చేతిలోనే ఉండకూడదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

లోటస్‌ను 1995లో ఐబీఎం కొన్నది. 2013లో 1-2-3 అమ్మకం ఆగిపోయింది, మరుసటి ఏడాది మద్దతూ ముగిసింది. ఎక్సెల్ 2007 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ లోటస్ ఫైళ్లను తెరిచే సౌకర్యాన్ని తీసేసింది. అయినా ఎనభైల నాటి డబ్ల్యూకే1 ఫైలును లిబ్రేఆఫీస్ ఇప్పటికీ తెరుస్తుంది. క్వాట్రో ప్రో, మైక్రోసాఫ్ట్ వర్క్స్ ఫైళ్ల కోసం కూడా స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దిగుమతి భాగాలు రాశారు. పాత లెక్కలు మూలపడి ఉన్న సంస్థలకు ఇది ఎంతో మేలు చేసే పని, దానికి రావలసినంత పేరు రాలేదు.

ప్రమాణాలు

ఫైలు రూపం ఒక కంపెనీ సొత్తుగా కాక బహిరంగ ప్రమాణంగా ఉండాలన్న ప్రయత్నం నుంచి ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ వచ్చింది. 2005లో ఒయాసిస్ సంస్థ, 2006లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్ని ఆమోదించాయి. ఇందులో స్ప్రెడ్‌షీట్ ఫైలు పేరు ఓడీఎస్. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఉన్న ఓపెన్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను 2006 డిసెంబర్‌లో ఎక్మా సంస్థ ద్వారా ప్రమాణంగా తెచ్చి, ఐఎస్ఓ ముందు పెట్టింది. ఆరువేల పేజీలు దాటిన ఆ పత్రం మీద పెద్ద వాదమే నడిచింది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2007లో వ్యతిరేకంగా ఓటేసింది, 2008లోనూ ఆ మాట మీదే నిలబడింది. ఆ ఏడాది ప్రమాణం ఆమోదం పొందాక భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజులా అప్పీలు చేశాయి, ఐఎస్ఓ తోసిపుచ్చింది. 2010 నవంబర్‌లో భారత ప్రభుత్వం ఈ-గవర్నెన్స్‌లో బహిరంగ ప్రమాణాలు వాడాలన్న విధానాన్ని ప్రకటించింది.

ప్రమాణం ఉన్నంతమాత్రాన పని పూర్తవ్వదని ఓడీఎస్ చరిత్రే చెబుతుంది. దాని తొలి రూపంలో ఫార్ములాలు ఎలా రాయాలో కచ్చితమైన నిర్వచనం లేదు. 2009లో ఎక్సెల్ 2007కు ఓడీఎస్ తెరిచే శక్తి వచ్చినప్పుడు, ఇతర ప్రోగ్రాములు రాసిన ఫైళ్లలో ఫార్ములాలు పోయి జవాబులు మాత్రం మిగిలేవి. 2011లో వచ్చిన 1.2 రూపంలో ఫార్ములాల భాషను నిర్వచించాకే ఆ లోటు తీరింది.

ఇప్పుడు తెరిచే దారులు

మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన ఎక్సెల్ వ్యూయర్‌ను 2018లో ఆపేసింది. ఇప్పటికీ కొన్ని వెబ్‌సైట్లు దాన్ని డౌన్‌లోడ్ చేసుకోమంటున్నాయి. భద్రతా సవరణలు అందని ప్రోగ్రాము కాబట్టి దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కంప్యూటర్‌లో వాడటానికి లిబ్రేఆఫీస్‌లోని కాల్క్ మొదటి ఎంపిక. దీని వంశవృక్షం జర్మనీలోని స్టార్‌ఆఫీస్‌తో మొదలవుతుంది. దాన్ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది ఓపెన్‌ఆఫీస్ పేరుతో సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. సన్‌ను ఒరాకిల్ కొన్నాక 2010 సెప్టెంబర్‌లో అందులో పనిచేస్తున్నవారు చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్‌ను మొదలుపెట్టారు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది, ఇంటర్‌ఫేస్ తెలుగులోనూ దొరుకుతుంది. పాత కంప్యూటర్ అయితే లినక్స్‌లో గ్నూమెరిక్ తేలిగ్గా నడుస్తుంది. మిగేల్ డి ఇకాజా మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాముతో వచ్చే ఎస్ఎస్‌కన్వర్ట్ అనే ఆదేశం, తెర మీద ఏమీ తెరవకుండానే ఫైళ్లను కట్టలు కట్టలుగా ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చిపెడుతుంది. ఇంటర్నెట్ ఉన్నచోట 2006 నుంచి ఉన్న గూగుల్ షీట్స్, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఉచితంగా వచ్చే వెబ్ ఎక్సెల్ సరిపోతాయి. వెబ్ ఎక్సెల్ మైక్రోసాఫ్ట్‌దే గనుక ఫైలు రూపురేఖలు చెదరడం తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ షీట్స్ యాప్, ఆపిల్ పరికరాల్లో నంబర్స్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ను తెరుస్తాయి.

వేల వరుసల్లోంచి కావలసినవి మాత్రం తీసుకోవాలంటే పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్, పాండాస్, జావాలో అపాచీ పీఓఐ వంటి లైబ్రరీలున్నాయి. వీటికి తెర మీద పట్టిక అక్కర్లేదు, పైన చెప్పిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లనే నేరుగా చదువుకుంటాయి.

ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, రోగుల వివరాలు ఉన్న ఫైలును ఊరూ పేరూ తెలియని ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెట్టడం అంటే అందులోని మనుషుల వివరాలను వాళ్లకు చెప్పకుండా పరాయివారికి ఇవ్వడమే. అలాంటి ఫైళ్లను సొంత కంప్యూటర్‌లో, నెట్ అవసరం లేని ప్రోగ్రాముతోనే తెరవాలి.

ఎక్కడ తేడా కొడుతుంది

మామూలు కూడికలు, షరతులు, వీలుకప్ వంటి వెతుకులాటలు అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తాయి. కొత్త ఫార్ములాల దగ్గరే చిక్కు. ఎక్స్‌లుకప్, ఫిల్టర్ వంటివి లిబ్రేఆఫీస్‌కు 2024 ఆగస్టులో వచ్చిన 24.8తో గానీ రాలేదు. అంతకుముందటి కాల్క్‌లో ఆ గడి తిరిగి లెక్కకడితే జవాబు బదులు తప్పు సందేశం వస్తుంది. పవర్ క్వెరీ ద్వారా బయటి నుంచి తెచ్చుకున్న సమాచారం చివరిసారి తెచ్చిన రూపంలో కనబడుతుంది గానీ ఎక్సెల్ బయట కొత్తగా తెచ్చుకోదు.

మ్యాక్రోలు అంతకంటే కష్టం. అవి ఫైలులో ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాములు, విజువల్ బేసిక్‌లో రాసినవి. లిబ్రేఆఫీస్ కొన్నింటిని నడపగలదు, గూగుల్ షీట్స్ అసలు నడపదు. ఆదాయపు పన్ను రిటర్నుల కోసం ఆ శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ మ్యాక్రోల మీదే నడుస్తుంది, దానికి ఎక్సెల్ ఉండాల్సిందే. ఎక్సెల్ లేనివారు పోర్టల్‌లో నేరుగా నింపే దారి పట్టడం మేలు. తెలియనివారు పంపిన ఫైలులో మ్యాక్రోలు నడవకపోవడం ఒకరకంగా రక్షణే. వైరస్‌లు ఈ దారినే ఎక్కువగా వస్తున్నాయని గుర్తించి మైక్రోసాఫ్ట్ కూడా 2022లో, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను ముందుగానే ఆపే నిర్ణయం ప్రకటించింది.

చూపులో వచ్చే తేడాలకు ఎక్కువగా ఫాంట్లే కారణం. ఎక్సెల్ చాలాకాలం వాడిన కాలిబ్రి ఫాంటు ఇతర కంప్యూటర్లలో ఉండకపోవచ్చు. అక్షరాల వెడల్పు మారితే కాలమ్‌లో పట్టని అంకె బదులు గడి నిండా గుర్తులు కనబడతాయి, ప్రింటులో పేజీ మరోచోట తెగుతుంది. కాలిబ్రి కొలతలతోనే చేసిన కార్లిటో ఫాంటు లిబ్రేఆఫీస్‌తో పాటు వస్తుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది.

అన్నిటికంటే ప్రమాదం, ఏ సందేశమూ ఇవ్వకుండా సమాచారం పోవడం. ఎక్స్‌ఎల్‌ఎస్ షీటులో పట్టేది 65,536 వరుసలు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరుసలు పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో ప్రయోగశాలల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలోకి ఎక్కించడంతో, పరిమితి దాటిన వరుసలు రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వారితో మెలిగినవారిని వెతకడమూ ఆలస్యమైంది. ఫైలు తెరుచుకుందా అని చూడటంతో సరిపెట్టకుండా చివరి వరుస దాకా వెళ్లి చూడాలని ఈ ఘటన నేర్పింది.

సీఎస్‌వీ ఫైళ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. కామాలతో విడదీసిన ఈ పాఠ రూపాన్ని ఏ ప్రోగ్రామైనా తెరుస్తుంది. ఏది తేదీ, ఏది సంఖ్య, ఏది పేరు అన్న సంగతి మాత్రం అందులో ఉండదు, తెరిచే ప్రోగ్రామే ఊహించుకోవాలి. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 వట్టి 40గా మారుతుంది. పన్నెండంకెల ఆధార్ నంబరు దశాంశంతో, పక్కన ‘ఈ+11’తో కనబడుతుంది. లోపల అంకెలు పదిలంగానే ఉంటాయి, గడి తీరు మారిస్తే తిరిగొస్తాయి. పదహారంకెల కార్డు నంబరు అలా తిరిగిరాదు. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది కాబట్టి చివరి అంకె సున్నా అయిపోతుంది, అలాగే సేవ్ చేస్తే అసలు అంకె శాశ్వతంగా పోతుంది. 02/06/2014 అమెరికా తీరులో అమర్చిన కంప్యూటర్‌లో ఫిబ్రవరి 6 అవుతుంది. ‘సెప్ట్’, ‘మార్చ్’ అంటూ మొదలయ్యే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం చివరికి 2020లో ఆ పేర్లనే మార్చుకుంది. సీఎస్‌వీ మీద నేరుగా క్లిక్ చేయకుండా, దిగుమతి చేసుకునే దారిలో వెళ్లి, నంబర్లు, పేర్లు, తేదీలు ఉన్న కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకుంటే ఇవేవీ జరగవు. లిబ్రేఆఫీస్ ఆ దిగుమతి పెట్టెను సీఎస్‌వీ తెరిచిన ప్రతిసారీ తానే చూపిస్తుంది.

తెలుగు పట్టికలు

తెలుగులో రాసిన పట్టికలకు రెండు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మొదటిది సీఎస్‌వీకి సంబంధించింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. తెరిచే ప్రోగ్రాము దాన్ని పాత పశ్చిమ యూరప్ లిపిగా పొరబడితే ఒక్కో అక్షరం మూడు గుర్తులుగా విడిపోతుంది. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక-తీసివేత గుర్తో మళ్లీ మళ్లీ కనబడితే జరిగింది ఇదేనని పోల్చుకోవచ్చు. సమాచారం ఏమీ పోలేదు. దిగుమతి పెట్టెలో అక్షరాల పద్ధతిని యూటీఎఫ్-8గా ఎంచుకుంటే తెలుగు వస్తుంది. ఆ గజిబిజినే సేవ్ చేసేస్తే మాత్రం విప్పుకోవడం కష్టం.

రెండోది పాత ఫాంట్లది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక కూడా, డీటీపీ సెంటర్లలో, కార్యాలయాల్లో అను వంటి ఫాంట్లే చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో టైపు చేసిన పట్టికలో నిజంగా దాగి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని అక్షరాలు వస్తాయి. ఇక్కడ అసలు ఎక్సెల్ కొన్నా ఉపయోగం లేదు, కావలసింది ఆ ఫాంటు. వెతకడం, అకారాదిగా పేర్చడం కూడా వాటిలో కుదరవు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పడుతుంటాయి కనుక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చదివి సరిచూడాలి. ఊళ్ల చరిత్ర, భూముల వివరాలు, గ్రంథాలయాల పుస్తక జాబితాలు ఇలాంటి ఫైళ్లలో ఉండిపోయి ఉంటే, ఫాంటు పేరు గుర్తున్నవారు ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం తక్షణం చేయాల్సిన పని.

తెరుచుకోని ఫైళ్లు

ఎంతకీ తెరుచుకోని ఫైలుకు పేరు చివరి అక్షరాలను నమ్మకుండా లోపలి మొదటి బైట్లను చూడాలి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట ‘పీకే’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనబడితే అది జిప్, అంటే నిజమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కావచ్చు. మొదట్లోనే టేబుల్ ట్యాగులు కనబడితే, ఏదో పోర్టల్ వెబ్‌పేజీ పట్టికనే ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరుపెట్టి ఇచ్చిందన్నమాట. పేరు మార్చి బ్రౌజర్‌లో తెరిస్తే చదవవచ్చు.

పేరు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని ఉండి లోపల ‘పీకే’ లేకపోతే చాలాసార్లు అది తెరవడానికి పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు. అప్పుడు ఎక్సెల్ మొత్తం జిప్‌ను రహస్యలిపిలోకి మార్చి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ తరహా పెట్టెలో ఉంచుతుంది. పాస్‌వర్డ్ తెలిస్తే లిబ్రేఆఫీస్ కూడా తెరుస్తుంది. 2007 నుంచి వాడుతున్నది ఏఈఎస్ పద్ధతి కాబట్టి, గట్టి పాస్‌వర్డ్ మరిచిపోతే ఎక్సెల్ ఉన్నవారికీ లేనివారికీ దారి ఒకేలా మూసుకుపోతుంది. షీటును మార్చకుండా పెట్టే రక్షణ వేరు. అందులో సమాచారం రహస్యలిపిలోకి మారదు, మార్చవద్దన్న గుర్తు షీటు ఫైలులో ఒక వరుసగా ఉంటుంది. అలాంటి ఫైలును ఏ ప్రోగ్రాములోనైనా చదవవచ్చు.